బి అనే మీట

ఒర్తెన్సియా మిల్యాలొంకొ మొదటిసారి
మా గ్రంథాలయానికి వచ్చినప్పుడు
ఆమె దగ్గర ముప్పై నాలుగు స్లైడ్లున్నాయి.
ఒక్కోదాంట్లో పన్నెండు వాక్యాలు.
వాక్యాలన్నీ నిజాలే.
మేనల్లుడు నిబాల్దో చేసిచ్చాడట.
అక్షరాలు గిరికీలు కొట్టుకుంటూ వచ్చి
తెర మధ్యన చతికిలబడుతున్నాయి.
ప్రతి శీర్షిక పక్కనా ఒక డాల్ఫిన్.

చిలోయే దీవిలో జులై అంటే
రేకుల కప్పు మీద వాన,
పొయ్యిలో ఏడ్చే తడి కట్టెలు.
మంగళ, గురువారాలు సాయంత్రం
కంప్యూటరు నేర్పడం నా పని.
వచ్చేది ఆరుగురు,
అందులో ఇద్దరు చలి కాచుకోడానికి.

"మీకేం కావాలి?" అన్నాను.
"రేవు మెట్లు" అంది.
"పాటు వేళకి కింది ఏడు మెట్లు లేవు.
ఆల్చిప్పల బస్తాతో తాడు పట్టుకు పాకాలి.
పురపాలక సభలో పది నిమిషాలిచ్చారు."

"మరి ఇందులో మెట్లెక్కడ?"
వెతికింది.
సంఘం చరిత్ర దాటి,
ఎగుమతుల రంగుల చక్రం దాటి,
ఇరవై తొమ్మిదో స్లైడు అడుగున
టిక్కెట్టు లేకుండా పడవెక్కిన కుర్రాడిలా
నక్కి ఉన్నాయి.

నాకు తెలిసింది చెప్పాను.
ఒక స్లైడుకి ఒక్క మాట.
వెనక వరసలో
కళ్ళద్దాలు మరిచిపోయి వచ్చిన ముసలాయనకీ
కనబడాలి.
తెలుపు మీద పసుపు వద్దు.
మీరు చెప్పబోయేది తెరే చెప్పేస్తే
మీరెందుకక్కడ?

చెప్పడానికేం, చెప్పాను.
తీసెయ్యడం ఆమెకి పన్ను పీకించుకోవడం.
"ఈ లెక్క మా ఆయన చేత్తో రాసింది."
"ఇది నిబాల్దో నిద్ర మానుకుని చేసింది."
ఒక్కోటి చెరిపే ముందు
దాని కథ వినాల్సి వచ్చింది.
ఆ కథల్లో ఒక్కటీ
ఏ స్లైడులోనూ లేదు.

మూడు వారాలకి నాలుగు మిగిలాయి.
పాటులో రేవు ఫోటో:
మెట్లు ఆగిపోయిన చోటు, నాచు, నీలం తాడు.
తరవాత తెర నిండా ఒక 7.
తరవాత ఖర్చు.
చివర్న డాల్ఫిన్.
దాని దగ్గర నా సూత్రాలు చెల్లలేదు.

వెళ్ళబోతుంటే
గుర్తొచ్చి మామూలుగానే అన్నాను,
బి నొక్కితే తెర నల్లబడుతుందని.
నొక్కింది. మళ్ళీ నొక్కింది.
ఇన్ని రంగులు చూపించినా రాని వెలుగు
ఆమె మొహంలోకి వచ్చింది.
"ఇది పెట్టినవాడెవడో
మాట్లాడ్డం తెలిసినవాడు."

సభలో ఐదుగురు సభ్యులు,
ఒక లాయరు, ఒక కాఫీ ఫ్లాస్కు.
ఫోటో చూశారు.
ఏడు చూశారు. ఒకాయన రాసుకున్నాడు.
అప్పుడామె బి నొక్కింది.

కిటికీల్లోంచి బూడిదరంగు పగలు
ఒక్కసారిగా గదిలోకొచ్చింది.
చూడ్డానికిక తెర లేదు.
ముతక ఉన్ని స్వెట్టరులో ఒక మనిషి ఉంది.
రెండు అరచేతులూ ఎత్తి
వాళ్ళకేసి తిప్పింది.
తాడు కోసిన గీతలు.
ఫ్లాస్కు మూత తిప్పబోయిన చెయ్యి
మూత మీదే ఉండిపోయింది.

"మేలో రెనే జారాడు. మోకాలు.
జూన్‌లో నేను."
అంతే.
మిగతా ఎనిమిది నిమిషాలు
వాళ్ళే అడిగారు.
డాల్ఫిన్ దాకా రానే లేదు.

ఇక్కడితో ఆపితే
మెట్లు కట్టేశారనుకుంటారు మీరు.
లేదు. మార్చి సమావేశానికి వాయిదా.
డబ్బు నాలుగు మెట్లకే ఉందన్నారు.
మూడు మెట్ల మేర తాడు ఉంటుంది.

ఇంటికెళ్ళి నా పాఠం తెరిచాను,
మంచి స్లైడ్లు చేయడం ఎలా అన్నది.
యాభై ఒక్క స్లైడ్లు.
చీమల బారులా చుక్కలు, చుక్కల పక్కన వాక్యాలు,
వాక్యాలన్నీ నిజాలే.
ఎక్కడ మొదలెట్టాలో తెలీక కూచుంటే
పదకొండింటికి ఫోను.

"ప్రొఫెసోర్, తెర నల్లగా ఉండిపోయింది.
నిబాల్దోకి డాల్ఫిన్ చూపిద్దామంటే రాదే!"

"అదే మీట మళ్ళీ నొక్కండి."

అటువైపు వాన వినబడింది.
ఇటువైపు అదే వాన.

"ఆఁ," అంది, "వచ్చింది."