పదిహేడో సీసా

ఎలెయుతేరియో కంట్లో పడింది సున్నం.
నిజం సున్నమే, సామెతలోది కాదు.
వహాకాలో పాత చర్చి గోడకు పూత వేస్తూ
గుంటలో ఉడుకుతున్న ముద్దను పారతో తిప్పాడు.
అది ఎగిరొచ్చి కుడి కంట్లో కూచుంది.

వాళ్ళావిడ అరవలేదు,
జుట్టు పట్టుకుని తొట్టి నీళ్ళలో ముఖం ముంచింది.
ఆ తెలివే సగం కన్ను మిగిల్చిందని డాక్టరమ్మ తర్వాత అంది.
మేం ఇంకో పదకొండు సీసాల సెలైన్‌తో కడిగాం.
రెప్ప తిరగేసి
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు
తెల్లటి పలుకులు ఏరాం,
లిట్మస్ కాగితం నీలమెక్కడం మానేదాకా.

మర్నాడు కాగితాలు తెచ్చాను. పద్నాలుగు పేజీలు.
చదివి వినిపించాను:
కొత్త చుక్కల మందు. కుందేళ్ళకు పని చేసింది.
మామూలు వైద్యం అందరికీ ఉంటుంది.
దానిపైన సగం మందికి ఈ మందు, సగం మందికి ఉప్పునీళ్ళు.
ఎవరికేదో మీకు తెలీదు, నాకూ తెలీదు.

"మరెవరికి తెలుసు?"
"రాజధానిలో ఒక కంప్యూటర్‌కి."
"అంటే దేవుడి గుమాస్తా."
కాసేపాగి అడిగాడు: "ఆ కుందేళ్ళు ఏమయ్యాయి?"
దానికి పద్నాలుగు పేజీల్లో జవాబు లేదు.
సంతకం చేశాడు,
గీత మీద కాదు, గీత పక్కన.

గంటకో చుక్క. రాత్రి కూడా.
టార్చి వెలుగును వేళ్ళతో కప్పి
కింది రెప్ప లాగి
"కప్పుకేసి చూడు" అంటాను.
చుక్క అంచున వేలాడి, తటపటాయించి, పడుతుంది.

పక్క మంచం నికాసియోది.
బ్యాటరీల షాపు, ఆసిడ్, పంతొమ్మిదేళ్ళు.
అతనిది పద్దెనిమిదో సీసా.
అదే మూత, అదే బరువు, అదే మంట.

ఒక కంట్లో వెన్న, ఒక కంట్లో సున్నం పెట్టకూడదంటారు.
నా జీతం అందుకే.
ఒక మంచానికి వెన్న, పక్క మంచానికి ఉత్తనీళ్ళు,
ఏది ఏదో ఎరగని ఒకే చేత్తో.

పొద్దున్నే నారింజ రంగు వేసి నీలి దీపం పెడతారు.
పుండున్నంత మేరా పచ్చగా వెలుగుతుంది,
చెమ్మగోడ మీద పాచిలా.
కొలిచింది నేను రాస్తాను.
అతనిది ఆరున్నర మిల్లీమీటర్లు. ఆరు. ఆరు. ఐదు ముప్పావు.
కుర్రాడిది ఐదు. మూడు. ఒకటి.
పైకి చదవను.
అతను పెన్ను చప్పుడు వింటాడు.

పదో రాత్రి అన్నాడు:
"వాడికి మందు. నాకు సముద్రం."
"చెప్పలేం."
"తడిగోడ ఎప్పుడారుతుందో వేలు పెట్టి చెబుతాను నేను."
నాలుగింటి చుక్క వద్దన్నాడు.
బతిమాలలేదు.
"మానేసే హక్కుంది, పదమూడో పేజీ" అన్నాను.
సీసా నా పిడికిట్లో వెచ్చబడింది.
"పద్నాలుగో పేజీలో ఏముంది?"
"నీ సంతకం. కింద నాది."
నవ్వాడో, దగ్గాడో.
తల వెనక్కి వాల్చాడు.

ఏడాదిన్నరకు లెక్క విప్పారు. నూట ఎనభై రెండు మంది.
మందు పని చేసిందట, కొంచెం.
ఆ కొంచానికి చక్కటి గ్రాఫు ఉంది.
పదిహేడు: మందు.
పద్దెనిమిది: ఉప్పునీళ్ళు.

చెప్పడానికి నేనే వెళ్ళాను.
బడి గోడకు పరంజా మీద ఉన్నాడు,
నుదుటి మీద కళ్ళద్దాలు, గడ్డమంతా తెల్లటి చుక్కలు.
"ఎవరికి సముద్రం?" పైనుంచే అడిగాడు.
చెప్పాను.
బ్రష్ చాలాసేపు ఆడలేదు.
సున్నం బొట్లు చెక్క మీద పడుతూనే ఉన్నాయి.

"పాపం, ఆ కుర్రాడు ఒట్టి నీళ్ళతోనే" అని ఆగాడు,
జాలిపడాలో కుళ్ళుకోవాలో తేలనట్టు.

తర్వాత ఎడమ కన్ను అరచేత్తో మూసి
"వేళ్ళు చూపించు" అన్నాడు.
చెయ్యెత్తాను.
"మూడు."

నేను ఎత్తింది రెండే.
బొటనవేలు సరిగ్గా ముడిచానో లేదో.