షువయ్య

కుట్లు పడంగనే
పనైపోయిందనుకుంటరు అందరు.
గ్లౌజులు తీసి డబ్బల పడేస్తరు,
పెద్ద లైటు ఆర్పుతరు,
చాయ్ కాడికి పోతరు.
నా పని గప్పుడు షురువైతది.

బురైదా ఊరవతల ఒంటెల దవాఖాన.
ఇసుక పోసి మీద పాత పరుపులు పరిచిన అర్ర.
క్రేను దింపిపోయిన వద్‌హా,
తెల్లది, ఎనిమిదేండ్లది,
దవడల పుండు కోసి తీసిన్రు.
ఆరు వందల కిలోల నిద్ర,
తలకాయ మాత్రం నా ఒడిల.

పక్కకు ఒరగనియ్యద్దు.
మోకాళ్ళు మడిచి, రొమ్ము మీద కూసోబెట్టి
అటు ఇటు ఇసుక సంచులు పెట్టిన.
ఒరిగితే కడుపుల గాలి ఉబ్బుతది,
నెమరు నీళ్ళు ఎనక్కొచ్చి ఊపిరిల పడతయి.
మెడ ఎత్తు మీద, మూతి కిందికి,
సొంగ బయటికే కారాలె.
డాక్టర్ బుశ్రా ఒక్కసారే చెప్పిండు ఇదంత.
సుడాన్ ఆయన,
రెండోసారి చెప్పే మనిషి కాదు.

గొట్టం ఇంకా గొంతులనే ఉంది.
నమిలేదాంక తియ్యద్దు.
తొందరపడి తీసిన ఒకపాలి, మూడేండ్ల కింద,
లేత పిల్ల.
దాని సంగతి ఇక్కడ చెప్ప.

కండ్లకు మందు పూసి తువ్వాల కప్పిన.
ఏసీ బందువెట్టి కంబలి కప్పిన.
ఎడారిల పుట్టినదానికి చలేందని
నవ్విండు కొత్తగొచ్చిన నేపాలీ పోరడు.
నిద్రల దానికి ఎడారి యాదికుండదురా తిలక్.

ఎడమ డొక్కకు చెవి ఆనిస్తే
ఏం లేదు.
ఏం లేదు.
మల్ల యాడనో దూరంగ, బోరింగుల నీళ్ళెక్కుతున్నట్టు
ఒక్క గురగుర.

ఇక్కడ నా పేరు ఇలియాస్.
ఎల్లేశం అనరాదు ఎవ్వలికి.
వచ్చిన కొత్తల వీళ్ళు
షువయ్యా షువయ్యా అని ఒర్లుతుంటే
శివయ్య ఎవలో మనోడే ఉన్నడు,
ఎన్నడు కనవడడేంది అని
వారం దినాలు ఎతికిన.
మెల్లగ అని అర్థమట. జర నిమ్మలంగ.
ఇన్నేండ్ల సంది
ఆ లేని శివయ్యనే నా మేస్త్రి.

రెండు దాటింది. చెవి కదిలింది.
భయమంత ఇప్పుడే.
నిద్రల ఒంటె మాట ఇంటది,
తెలివిల ఒంటె మాట ఇంటది,
నడిమిట్ల ఉన్నది ఎవ్వలి మాట ఇనది.
లేస్తననుకుంటది,
కాళ్ళు ఇంకా రాలేదని దానికి ఎరుకుండది.
లేచి పడితే ఎముక ఇరుగుతది.
ఎముక ఇరిగిన ఒంటెను మల్ల
ఈ అర్రకు తేరు.

పికప్పుల కూసున్న అబూ మిష్అల్
ఓపిక పట్టలేక వచ్చి తలుపు సందుల మొకం వెట్టిండు.
వద్‌హా అనవోయిండు.
పెదవుల మీద ఏలు పెట్టిన నేను.
నూరు ఒంటెల ఆసామి,
చెప్పులు చేతుల పట్టుకొని
గడపల కూలవడ్డడు.
ఆ గొంతు ఇంటె చాలు, అది లేస్తది.

నేనైతే మాట్లాడొచ్చు.
నా గొంతు దానికి ఏం కాదు.
మెట్‌పల్లి అంగట్ల పసుపు ధర చెప్పిన,
మా తమ్ముడు ఏసిన మూడో బోరు చెప్పిన.
పేగు దిగి నాకు ఆపరేషనైన రాత్రి
తెలివికొస్తూ నీళ్ళు నీళ్ళు అన్ననట,
సమజైనోళ్ళు ఎవ్వలు లేరు ఆ వార్డుల.
అది కూడ చెప్పిన.

దవడ కదిలింది.
ఆగింది.
మల్ల కదిలింది, నములుతుంది.
గొట్టం తీసిన. దగ్గింది.
తువ్వాల తీస్తే రెప్పలెత్తి చూసింది,
ఎవడ్రా వీడు అన్నట్టు.

నాలుగింటికి
ఎనక కాళ్ళు లేపి, ముందర మోకాళ్ళ మీద ఆగి,
ఊగి,
తోక తిలక్ పట్టిండు,
నిలవడ్డది.
అబూ మిష్అల్ అప్పుడు పిలిచిండు.

నేనే లేవలేదు.
రాత్రంత ఆ బరువుకు
నడుము కింద నాకు కాళ్ళే లేవు.
డాక్టర్ బుశ్రా వచ్చి చూసిండు.
షువయ్య, ఇలియాస్, షువయ్య, అని
చాయ్ గ్లాసు తెచ్చి
నా పక్కన ఇసుకల గుచ్చిపోయిండు.