మూడో వరుస, ఐదో గడి

స్టీప్ హిల్ అని దానికి పేరు.
పేరు పెట్టినవాడికి కవిత్వం రాదు,
కొండెక్కడం మాత్రం వచ్చు.
సగం దారిలో కమ్మీ పట్టుకుని
ఒగర్చే జనం వల్లే
టీ కొట్లవాళ్ళు బాగుపడ్డారు.

లింకన్ చూడ్డానికొచ్చినవాళ్ళు
పైకి చేరాక ఒకటే అడుగుతారు:
"దయ్యప్పిల్ల ఎక్కడండీ?"
కెథడ్రల్లోకి పంపిస్తాను.
స్తంభాల నడుమ, కాలు మీద కాలేసుకుని
పళ్ళికిలించే రాతి తుంటరి.
అల్లరి భరించలేక దేవదూత రాయి చేసిందట.
అంతెత్తు కప్పు, అన్ని రంగుటద్దాలు,
ఊరూ పేరూ లేకుండా అరిగిపోయిన శిల్పుల వేళ్ళు,
అన్నిటినీ దాటి దాని ఫొటోయే తీసుకుంటారు.
తప్పేముంది?
చిన్నప్పుడు నేనూ
దానికోసమే ప్రార్థనకి పోయేదాన్ని.

అటు ఉత్తరాన రోమన్ల కమాను.
అరవై నాలుగులో ఒక లారీ అందులో ఇరుక్కుంది.
మా నాన్న పని ఎగ్గొట్టి చూసొచ్చాడు.
"రోమన్లే గెలిచారు" అని
పోయేదాకా చెప్పాడు.

నా డ్యూటీ కోటలో,
పాత జైలు ప్రార్థనాలయంలో.
మెడలో బ్యాడ్జీ: ఐరిస్ బ్లేడ్స్.
మెట్లు మెట్లుగా చెక్క గడులు.
ఖైదీకొక నిలువు పెట్టె,
ఒకడి తలుపు పక్కవాడికి గోడ.
లోపల నిలబడితే
కనిపించేది బోధకుడొక్కడే.
పక్కవాడి దగ్గు వినిపిస్తుంది,
మొహం కనిపించదు.
చెడ్డతనం చూపుల్తో అంటుకుంటుందని
ఆనాటి పెద్దల భయం.
కట్టించారు, పాపం, ఎంతో దయతో.

పిల్లలకి మాత్రం దాగుడుమూతలు.
ఒక బుడ్డోడు చెక్క మీద తట్టి
"ఉన్నావా?" అంటాడు.
"లేను" అంటుంది
పక్క గడిలోంచి చెల్లెలు.

మూసే వేళకి గడిగడీ వెతకాలి, అది రూలు.
చేతి తొడుగులు దొరుకుతాయి, సగం తిన్న శాండ్‌విచ్,
ఒకసారి కట్టుడు పళ్ళు.
నవంబర్లో, నాలుగుంబావుకే చీకటి పడ్డ రోజు,
మూడో వరుస ఐదో గడిలో
క్లెమ్ ఆడ్లింగ్ దొరికాడు.

మా వీధే. రెండిళ్ళవతల.
నలభై ఏళ్ళు టర్బైన్లు బిగించిన మనిషి.
థెల్మాని మార్చిలో పూడ్చాం.
కోటు గుండీలన్నీ పెట్టుకుని
ఎదురుగా ఖాళీ వేదికని చూస్తున్నాడు.
"ఏడాది టికెట్ కొన్నానులే" అన్నాడు,
దొంగతనం కాదన్నట్టు.
"కిందికెళ్తే అందరూ అడుగుతారు ఐరిస్.
రొట్టెల కొట్లో, బస్సులో, మందుల షాపులో.
మెడ ఓ పక్కకి వాల్చి మరీ అడుగుతారు
ఎలా ఉన్నావని.
ఇక్కడైతే
ఎవరి మెడా కనిపించదు."

మేనేజరుకి వాకీటాకీలో చెప్పాలి.
నొక్కాను కూడా.
"పై అంతస్తు ఖాళీ" అన్నాను.
తర్వాత ఎందుకో, పక్క గడిలోకి దూరి
తలుపు వేసుకున్నాను.
ఇరవై మూడేళ్ళుగా వీటి గురించి చెబుతున్నాను,
ఎప్పుడూ వేసుకోలేదు.
పాత వార్నిష్ వాసన. అవతల్నుంచి పిప్పరమెంటు.
ఆయన ఊపిరి, కొంచెం గరగరగా.
నాకూ ఏవేవో గుర్తొచ్చాయి,
అవి ఇక్కడ రాయను.

ఎంతసేపో తెలీదు.
చెక్క మీద వేలి కణుపు చప్పుడు.
"ఉన్నావా?"
పొద్దుటి పిల్ల మాటే నోటికొచ్చింది.
అవతల ఓ నవ్వు,
తుప్పు పట్టిన నట్టు కదిలినట్టు.

తాళాలేసి ఇద్దరం గుట్ట దిగాం.
ఎక్కడం కన్నా దిగడమే కష్టం,
ఆ సంగతి ఏ గైడు పుస్తకమూ చెప్పదు.
మంచులో రాళ్ళు జారుతున్నాయి.
ముందాయన, వెనక నేను, ఒకే కమ్మీ.
మలుపు దగ్గర ఆగి వెనక్కి తిరక్కుండానే అడిగాడు:
"రేపు చెత్తబండి కదూ,
నల్ల డబ్బానా, బ్రౌనా?"
నల్లదన్నాను.
మర్నాడు చూస్తే బ్రౌన్.
వీధి మొత్తమ్మీద
మా రెండు డబ్బాలే నల్లగా నిలబడున్నాయి.