తప్పొప్పుల పట్టిక

మొన్నటిదాకా రెండు పిన్నుల మీద నిలబడ్డ పత్రిక మాది.
ముప్పై రెండు పేజీలు.
త్బిలిసిలో, మూతబడ్డ సబ్బుల ఫ్యాక్టరీ రెండో అంతస్తులో
చలికి మాట కూడా పొగై కనిపించే గదిలో పుట్టింది.

ఇప్పుడు దానికి వెన్నెముక వచ్చింది.
కుట్టు బైండింగు, నూట అరవై పేజీలు,
వీపు మీద పేరు రాసుకునేంత మందం.
"ఇక అలమరలో తనంతట తను నిలబడుతుంది" అంది ఎలిసో,
ప్రెస్సు బాకీ సంగతి ఆ కాసేపు మరిచిపోయి.

ఓతియా మూడు నెలలు కూర్చుని
మా గుండ్రటి అక్షరాలకి పొట్టలు కొత్తగా దిద్దాడు.
బొమ్మ చుట్టూ తెలుపు,
తెలుపు చుట్టూ ఇంకాస్త తెలుపు.
"ఖాళీని కూడా చదువుతారు" అన్నాడు.
కాగితం టన్ను ధర తెలిసిన నేను
గుటక మింగి లెక్కల పుస్తకం మూశాను.

ఇకమీద ప్రదర్శనల కబుర్లు కావట.
కూల్చేసిన బస్టాపుల మీద, ఊళ్ళను మింగిన జలాశయం మీద,
మ్యూజియం నేలమాళిగలో ఎవరూ సంతకం పెట్టని పెట్టెల మీద
ఇరవయ్యేసి పేజీల వ్యాసాలు.
యెరెవాన్ నుంచి ఒకరు, బాకూ నుంచి ఒకరు,
ఎదురుబదురు పేజీల్లో,
ఒకే దారపు కుట్టులో.

అంతా విని, ప్రూఫులు దిద్దే త్సియాలా
ఎర్ర పెన్సిలు చెవి వెనక దోపుకుని అడిగింది:
"తప్పొప్పుల పట్టిక ఏ పేజీలో?"

కొత్త గళ్ళలో దానికి గడి లేదు.
"ఇంత పెద్ద పత్రికలో అదేం బావుంటుంది" ఓతియా నసిగాడు.
"పెద్దయ్యామంటే
తప్పులు చెయ్యడం మానేశామనా,
ఒప్పుకోవడం మానేశామనా?"

ఆ సాయంత్రం ఎవరి టీ వాళ్ళు తాగాం.

సంచిక వచ్చింది. కట్ట తాడు కోయగానే
అందరం ముందు మా మా పేర్లే వెతుక్కున్నాం,
ఆ సంగతీ ఒప్పుకోవాలి.
చిట్టచివర, ఓతియా ఎంతో ముద్దుగా వదిలిన ఖాళీ పేజీ అడుగున
చీమలబారంత సన్నగా నాలుగు వాక్యాలు:

"తొమ్మిదో సంచికలో, రుస్తావీ ఈతకొలను గోడ మొజాయిక్ కింద
కళాకారుడు ఎవరో తెలియదని వేశాం.
ఊళ్ళో అందరికీ తెలుసు, మేం అడగలేదు.
ఆమె పేరు లమారా గుగావా.
రంగురాళ్ళు ఏరి ఇచ్చింది ఆమె చెల్లెలు."

ఓతియా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.
త్సియాలా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి,
పేజీని ముక్కుకి ఆనించి చదివింది.
నాలుగని ఎవరన్నారు, ఐదున్నాయి అంది.