పదకొండో పేరు

గదికి కిటికీ లేదు.
గోడ నిండా అయస్కాంతపు పలకలు, పలకకో కుర్రాడు.
నలభై ఆరుగురు తల్లుల కొడుకులు
ఎత్తూ బరువూ వేగాల కింద నిలబడి ఉన్నారు.
మా వంతు పదకొండోది.
ముందు పది జట్లు ఎవరిని ఎగరేసుకుపోతాయో తెలీక
పొద్దుటినించీ ముగ్గురినే
తిప్పి తిప్పి నములుతున్నాం.

ఫాంటెనో, లూసియానా కాలేజీ క్యాచర్.
ఇరవై ఒక్క ఏళ్ళకే మోకాళ్ళు నలభై దాటాయి.
"వీడు పట్టేది బంతిని కాదు, పిచ్చర్ భయాన్ని"
అని రాశాను రిపోర్టులో.
లెక్కల కుర్రాళ్ళు నవ్వుకున్నారు.
భయానికి కాలమ్ లేదట.

కీన్యోనెస్, షార్ట్‌స్టాప్, పోర్టోరికోలో కాగ్వాస్ వాడు.
వాన వెలిసిన మైదానంలో చూశాను.
నేలబారు బంతి రాయికి తగిలి పక్కకెగిరితే
వాడి చెయ్యి అప్పటికే అక్కడుంది,
తట్టకముందే తెరిచిన తలుపులా.
బ్యాటు సంగతి అడక్కండి.
వంకర బంతి వచ్చిందంటే దోమల్ని తోలుతాడు.
పదిహేడేళ్ళు. నేర్చుకుంటాడు అంటారు అందరూ.
నేర్చుకోని వాళ్ళ పలకలు ఏ గోడ మీదా ఉండవు.

మూడోవాడి పేరు వస్తే గది గొంతే మారిపోతుంది.
కోల్బీ ఓస్టర్‌గార్డ్, నెబ్రాస్కా.
ఎడమచేతివాటం. గంటకి తొంభై ఏడు మైళ్ళు.
వాడు దిబ్బ మీద అడుగు పెడితే
కంచె వెనక ఇరవై రాడార్ గన్‌లు
ఒక్క మనిషి చేతుల్లా లేస్తాయి.

ఏప్రిల్లో వాళ్ళింట్లో భోంచేశాను.
తండ్రి అప్పుల ఊసెత్తలేదు,
ట్రాక్టర్ గురించి మాట్లాడాడు. రెండూ ఒకటే.
ఉడికిన దుంపల గిన్నె బల్ల చుట్టూ తిరుగుతూ
కుర్రాడి ఎడమపక్కకి వచ్చింది.
వాడు ఒళ్ళంతా తిప్పి
కుడిచేత్తో అందుకున్నాడు.

అంతే.
గిన్నె నా దాకా వచ్చింది.
వడ్డించుకున్నాను. బావుందన్నాను.

ఆ సంగతి రిపోర్టులో లేదు.
డాక్టర్ల ఫొటోల్లో మోచెయ్యి కడిగిన ముత్యం.
గిన్నె అందుకున్న తీరు కూడా ఒక సాక్ష్యమేనా?
కానీ ముప్ఫై నాలుగేళ్ళ కిందట
నేనూ ఉప్పు బుడ్డి కోసం అలాగే తిరిగాను.
ఆరో రౌండు వాణ్ణి. ఇరవై రెండు ఆటలు.
ఆ తర్వాత ఇన్నేళ్ళూ ఊరూరా తిరుగుతూ
సంతలో ఎద్దు పళ్ళు లెక్కపెట్టినట్టు
పరాయి కొడుకులకి వెల కడుతున్నాను.

చెబితే, ఒక్క మాటతో ఆ ఇంటి ట్రాక్టర్ పోతుంది.
చెప్పకపోతే, తిన్నింటి వాసాలు నేనే లెక్కపెట్టినట్టు.
ఏ ఇంట్లో తిన్నానో తేల్చుకోవాలి ముందు.

"వెండెల్, వాళ్ళింటికి వెళ్ళింది నువ్వే కదా,
ఇంకేమైనా ఉందా?" అంది డైరెక్టర్ గ్రెచెన్.

నోరు తెరిచాను.

టీవీలో పదో జట్టు వాడి పేరు చదివింది.

ఎవరో బల్ల గుద్దారు. ఎవరో బూతు తిట్టారు.
గోడ మీంచి ఒక పలక ఊడింది.
నా నోరింకా తెరిచే ఉంది.
అందులో ఉన్నది అవునో కాదో
ఇప్పటికీ నాకు తెలీదు.

మూడు నిమిషాల్లో కీన్యోనెస్ పేరు పంపాం.
చేతులు కలిపాం. చల్లారిన పిజ్జా పెట్టెలు తెరిచాం.
ఫాంటెనో పలక అక్కడే ఉంది,
ఎవరి భయాన్నో పట్టడానికి వంగినట్టు.

తెర మీద నెబ్రాస్కా ఇల్లు, అదే బల్ల.
తండ్రి టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.
ఏడుస్తున్న తల్లిని
కుర్రాడు దగ్గరికి తీసుకున్నాడు,
ఒక్క చేత్తో.

ఎంత ముద్దొస్తున్నాడో అన్నారెవరో.
గది రెండో రౌండు వైపు తిరిగింది.
నేను
ఎడమపక్కనున్న కాఫీ కప్పు కోసం
ఒళ్ళంతా తిప్పాను.