శనివారం రాత్రి తొమ్మిదికి

ఈసారి మోకోపుల్లి నుంచి లేస్తాం.
నాలుగు సీట్ల బుల్లి విమానం, రెక్కలు నెత్తిన ఉండేది,
కిందున్న నీళ్లకు అడ్డం రానిది.
పెట్రోలు సగం ట్యాంకు.
ఉత్తుత్తి పెట్రోలే కదా, నిండా పోస్తే ఏం? అంటాడు మైకోల్.
ఉత్తుత్తిదానికీ బరువుంటుంది నాయనా,
లెక్కేసి పొయ్యి.

పగలు నేను ఫెర్రీలో టికెట్లు చింపుతాను.
చీలోయే దీవికీ అవతలి గట్టుకీ మధ్య
అరగంట నీళ్లు, అదే నా ఉద్యోగం.
రాత్రి వంటింటి బల్ల తుడిచి చార్టు పరిచి
చుట్టుకుపోకుండా నాలుగు మూలలా
నాలుగు నల్ల బంగాళదుంపలు పెడతాను.
ఆకాశానికి నిచ్చెనలు వేస్తోందమ్మా మా అక్క,
అని నవ్వుతుంది ఎదెల్మిరా.
వేస్తున్నాను మరి.
మొదటి మెట్టు ఐదొందల అడుగులు.
రెండోది వెయ్యి.
పదిహేను వందల దగ్గర ఆగి కిందికి చూడండి:
కెహుయి దీవి, మస్సెల్ తాళ్లు కట్టిన తెల్ల బుంగలు,
ఆటు తగ్గితే బయటపడే బురద.
ఒడ్డున చెక్కపెంకుల చర్చి ఉండాలి.
ప్రోగ్రాం రాసినవాళ్లకు తెలియలేదు పాపం,
అక్కడో రేకుల గోడౌను నిలబెట్టారు.
అయినా అక్కడ ఎడమ రెక్క వంచండి,
చర్చి ఉన్నట్టే.

తర్వాత నూట ఇరవై డిగ్రీలు, సముద్రం మీద.
నైరుతి గాలి పన్నెండు నాట్లు.
గాలివాటం మనిషి అంటే తిట్టే,
కానీ గాలివాటం లెక్కలోకి తీసుకోనివాడు
వెళ్లాలనుకున్న ఊరు చేరడు.
ముక్కు ఆరు డిగ్రీలు కుడికి పెట్టండి.
వంకరగా పోతున్నట్టే ఉంటుంది. తిన్నగానే పోతారు.

యస్నా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసి చేసి వస్తుంది,
ఆమెను లాండింగుల కోసం వేధించకండి.
మంచుకొండలు చూస్తూ పైన తిరగనివ్వండి.
మిగతావాళ్లు చైతేన్ దగ్గర మూడుసార్లు
చక్రాలు ఆనించి లేవాలి, పక్కగాలిలో.
బాల్దొమేరో ఒక్కో కుదుపూ లెక్కపెడతాడు,
ముప్పయ్యేళ్లు లారీ తోలిన నడుం ఆయనది.

పాజ్ బటన్ ఉంది.
వాడొద్దు.

ఇంకోటి. తీరం తగలగానే ఒక గుట్ట వస్తుంది,
దాని మీంచి దారి గీయలేదు, చుట్టూ గీశాను.
ఆరు నిమిషాలు దండగ కదా, అని మైకోల్ మూడుసార్లు రాశాడు.
వాడికి పదిహేనేళ్లు. ఆరు నిమిషాలంటే వాడికి చాలా.

మా తమ్ముడు రోసమెల్ మంగళవారాలు
మందులూ ఉత్తరాలూ మోసేవాడు, ఇలాంటి విమానంలోనే.
ఆ రోజు గుట్ట మబ్బులో ఉంది.
మీ తెరల మీద అక్కడ మబ్బుండదు. వాతావరణం పెట్టేది నేను కదా.
ఒక్కసారి, ఒక్కదాన్నే ఉన్నప్పుడు, పెట్టాను.
ఆ గంట, ఆ గాలి, ఆ ఎత్తు.
అద్దం నిండా తెలుపు.
నేనే పాజ్ నొక్కాను.
విమానం అలాగే నిలబడిపోయింది గాల్లో,
మాతే కోసం పెట్టిన నీళ్లు ఇగిరి
కెటిల్ అడుగు మాడిన వాసన వచ్చేదాకా.
తర్వాత కంప్యూటర్ తీగ పీకేశాను.
దింపలేదు, కూలనివ్వలేదు.

అందుకని, మైకోల్, చుట్టూ తిరిగే రా.
ఆ ఆరు నిమిషాలూ నీ కుడివైపు కొర్కొవాదో కొండ ఉంటుంది,
వేళ తప్పితే దొరకని గులాబీ రంగులో.
అందుకే ప్రోగ్రాం గడియారం సాయంత్రం ఆరుకు తిప్పి పెట్టాను.
ఇయర్‌ఫోన్లు మర్చిపోకు, మీ అమ్మ నిద్రపోతుంటుంది.

బంగాళదుంపల్లో ఒకటి మొలకెత్తింది.
చార్టు ఈశాన్యం మూల కొంచెం తడిసింది.
అటు మనం వెళ్లడం లేదులే.