తర్వాతి ప్రాణం

తెల్లవారుజాము నాలుగూ పది.
హబ్సిగూడలో మూడో అంతస్తు, ఏసీ చలికి స్వెట్టరు.
రాత్రంతా నా నోట ఒకటే మాట:
రూటర్ ఆపండి. ముప్పై లెక్కపెట్టండి. మళ్లీ వేయండి.
ముప్పై లెక్కపెట్టడంలో ఈ నగరంలో
నన్ను మించినవాళ్లు లేరు.

బోరబండ నుంచి వజ్రమ్మ.
"వైఫై ఉంది బిడ్డా, నెట్టు లేదు.
గీతలు నిండుగనే ఉన్నయి,
పక్కకే చిన్న కర్ర, కర్ర కింద చుక్క.
ఆరింటికి ఇడ్లీ బండి పెట్టాలె.
పైసలు పడ్డయో లేదో ఎట్ల చూడాలె?"
వెనక మిక్సీలో పల్లీ చట్నీ.
అది ఆగినప్పుడు మాట్లాడుకున్నాం.

రూటర్ ఆపింది. నాకు వినబడేటట్టు లెక్కపెట్టింది,
ఇరవై రెండు దగ్గర "అరె, పొంగుతుంది" అని పొయ్యి కాడికి ఉరికి
మళ్లీ ఒకటి నుంచి.
దీపాలు నాలుగూ పచ్చగా.
వైఫైని మరిచిపొమ్మని ఫోనుకు చెప్పించాను.
"మరిచిపోతే మళ్ల గుర్తుపడతదా?"
గుర్తుపట్టింది. పాస్‌వర్డు, వాళ్ల మేకపిల్ల పేరు,
అడిగి మరీ అతుక్కుంది.
నెట్టు రాలేదు.
పై వాటా పిల్లగాడి ఫోన్లో మాత్రం, అదే వైఫై మీద,
ఎవరో ఎవరి మీదో నీళ్లు పోసే వీడియో నడుస్తూనే ఉంది.

నా కాగితంలో ప్రశ్నలు అయిపోయాయి.
ఊరికే అడిగాను:
ఫోన్లో ఈరోజు తారీకెంతమ్మా?

"నవంబరు ఒకటి."

బయట ఆషాఢం. వాళ్ల గల్లీలో
బోనాలకు కట్టిన వేపమండలు ఇంకా పచ్చిగానే ఉంటాయి.
ఆమె చేతిలో
దీపావళి కూడా కాలిపోయింది.

"ఏం చెప్పాలె బిడ్డా.
రంగు గోళీల ఆట ఉంటది. ఐదు ప్రాణాలిస్తడు.
పిండి పులిసేదాంక నిద్ర పట్టదు, ఆడుత.
ఐదూ పోతే ఆగమంటడు.
తారీకు ఒకరోజు ముందుకు జరిపితే మళ్ల ఐదు,
పాలప్యాకెట్ల జహంగీరు నేర్పిండు.
ఎన్నడూ ఎనక్కి జరపలే.
మొన్న ఒకటే మెట్టు కాడ ఓడి ఓడి
కోపమొచ్చి నెలకు నెలే తిప్పిన.
ఫోన్ల తారీకు ఎవరు చూస్తరు,
గోడకు క్యాలెండరు ఉండె."

అవతలుండే ప్రతి సైటూ ఒక కార్డు చూపిస్తుందని,
దాని మీద ఫలానా రోజు వరకే అని రాసుంటుందని,
నవంబరులో నిలబడి చూసే ఫోనుకు
అన్నీ గడువు తీరినవేనని
నట్టుతూ నట్టుతూ చెప్పాను.
"బస్ పాసు లెక్కనా? అంటే నా ఫోనే కండక్టరయి
అందరిని దింపేసింది."
దీనికే మా ట్రైనింగులో పదకొండు స్లైడ్లు.

సెట్టింగ్స్. కిందికి. ఇంకా కిందికి. తేదీ, సమయం.
పైన ఒక మీట ఉంటుంది, కుడికి జరపండి.
వేలు పెట్టి ఆగినట్టుంది.
"ఈరోజుకు వస్తే
ఉన్న ప్రాణాలు పోతయా?"

తెలియదన్నాను.

మీటకు చప్పుడుండదు. ఊపిరి వినబడింది.
తర్వాత టింగ్. టింగ్ టింగ్.
రెండు రోజుల టింగులు ఒకదాన్నొకటి తోసుకుంటూ.
"మొన్నటి నూట ఇరవై పడ్డయి!
ఆ కళ్లజోడు సారు ముంచిండనుకొని
నిన్న చట్నీ తక్కువేసిన, పాపం."

ఇంకా పెట్టేయలేదు. ఆట తెరిచింది కాబోలు.
"ఓయమ్మో, తర్వాతి ప్రాణానికి
నూట పదిహేను రోజులు ఆగాలంట!"
నవ్వింది, మిక్సీ కంటే గట్టిగా.
"తెచ్చుకున్న అప్పేనాయె. తీరుత తీ."

ఏడు నిమిషాల్లో ముగించాల్సిన కాల్ ఇరవై ఆరు పట్టింది.
సమస్య ఏ రకమని ఫారం అడిగింది:
రూటర్, కేబుల్, బిల్లు, ఇతరములు.
ఇతరములు నొక్కి,
ఇంకో కాల్ మోగేలోపు
నా ఫోన్లో తారీకు చూసుకున్నాను.
జూలై తొమ్మిదే.